‘తిన్నావా’ మహాసంగ్రామం

సభాసదులారా! నేను గొంతు సవరించుకుంటున్నాను, మీరు మాస్కులు సవరించుకోండి. ముందు వరుసవారు కొంచెం వెనక్కి జరగండి. వీరరసం పొంగినచోట నా నోటి నుంచి తుంపరలు రాలే ప్రమాదముంది.

అది శార్వరి నామ సంవత్సరం. ప్రచండమార్తాండకిరణపరంపరల తాకిడికి రైలు పట్టాలు సైతం ఒళ్ళు విరుచుకునే గ్రీష్మకాలం. కంటికి ఆనని ఒక క్షుద్రక్రిమి చతుస్సాగరపర్యంత భూమండలాన్ని ఇళ్ళలోకి తోసి బయట గొళ్ళెం పెట్టిన కాలం. అప్పుడు, అర్పానదీతీరవిరాజితమూ, అంగారధూళిధూసరితమూ, అహోరాత్రశకటఘోషముఖరితమూ అయిన బిలాస్‌పూర్ నగరంలో ఒక మహాసంగ్రామం జరిగింది. రాజ్యం కోసం కాదు, రత్నాల కోసం కాదు. ఒకే ఒక్క మాట కోసం. మూడక్షరాల మాట. దాన్ని ఒక మనిషి చేత ఇంకొక మనిషితో అనిపించడానికి ఒక మధ్యాహ్నం యావత్తూ, సాయంత్రంలో సగమూ, ముగ్గురి ఫోన్ల ఛార్జింగూ హరించిపోయాయి.

ఆ సంగ్రామానికి సేనాని సౌమ్య. ఊరి చివర కోనిలోని విశ్వవిద్యాలయంలో చదువుతున్న పిల్ల. హాస్టల్ మూసేసిన రోజున పక్క వీధిలోని స్నేహితురాలి ఇంటికి చేరింది. చేరిన మర్నాడే ఆ వీధికి రెండువైపులా వెదురు గడలు అడ్డం కట్టేశారు. అమ్మమ్మ ఇల్లు ఊళ్ళోనే, రైల్వే కాలనీ వెనక. ఆటో ఎక్కితే అరగంట దారి. అయినా ఆ దుర్గమవేణుప్రాకారాన్నీ, దాని ముందు కుర్చీ వేసుకుని కునికే పోలీసునూ దాటడం ఆమె వల్ల కాలేదు. చేసేది లేక ఆమె సినిమా తీయడానికి పూనుకుంది.

నాలుగు ఇళ్ళు, నాలుగు కథలు, ఒక సినిమా. పేరు ‘గడప లోపల’. ఎవరింట్లో వాళ్ళే నటులు. కెమెరా వాళ్ళ ఫోనే. ఆ ఫోను పట్టుకోవడానికి ఇంట్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళే ఛాయాగ్రాహకులు. సౌమ్య వీడియో కాల్‌లో కూర్చుని ‘యాక్షన్’ అంటుంది, ‘కట్’ అంటుంది, ఆ రెండింటికీ మధ్య ‘హలో, వినబడుతోందా’ అంటుంది. ఈ పద్ధతిలో మూడు కథలు పూర్తయ్యాయి. ఊర్మిళ అనే బ్యాంకు అధికారిణి వంకాయలను సబ్బుతో స్నానం చేయించే కథ ఒకటి. బొగ్గు కంపెనీ ఇంజనీరు జానకిరామ్ భార్య చేత క్షవరం చేయించుకుని అద్దం ముందు విలపించే కథ ఒకటి. ఆన్‌లైన్ క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ నిద్రపోయిన మాస్టారి కథ మరొకటి. ఇక మిగిలింది నాలుగోది. ఆన్‌లైన్ చిత్రోత్సవానికి మర్నాడే ఆఖరు రోజు.

ఆ నాలుగో కథ చాలా చిన్నది. ఇద్దరు ముసలి స్నేహితులు వీడియో కాల్‌లో కలుస్తారు. కాసేపు ఊరకే చూసుకుంటారు. ఒకడు ‘తిన్నావా?’ అంటాడు. రెండోవాడు ‘తిన్నాను’ అంటాడు. అంతే. క్లుప్తతే దీని అందం అని సౌమ్య నమ్మింది. క్లుప్తత అనే గుణం తన తాత వంశంలోనే లేదన్న సంగతి ఆ పిల్ల మరచిపోయింది.

ఆ తాత పేరు అప్పలస్వామి. జీవితమంతా బొగ్గు రైళ్ళు నడిపి రిటైరైన డ్రైవరు. దర్శనభయంకరమైన మీసం, సింహగర్జనాస్పర్ధియైన కంఠం, ఒకప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్ వేదిక మీద దసరాలకు ‘కళింగకేతు విజయం’ నాటకంలో కళింగకేతు మహారాజు. ఆ నాటకంలో అతని శత్రువు చండసేనుడి వేషం వేసేవాడు పైడిరాజు. పైడిరాజు రైలు గార్డు. బొగ్గు రైలుకు ముందు ఇంజనులో అప్పలస్వామి, వెనక గార్డు పెట్టెలో పైడిరాజు. మధ్య మైలు పొడవున బొగ్గు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవాళ్ళు.

అటువంటి స్నేహం ఒక్క రాత్రిలో బూడిదైంది. నాటకం ఆఖరి రంగంలో కళింగకేతుడి ఖడ్గప్రహారానికి చండసేనుడు నేలకూలాలి. కూలాడు. కూలుతూ పాడిన పద్యానికి జనం ‘వన్స్ మోర్’ అన్నారు. చచ్చినవాడు లేచి మళ్ళీ పాడాడు, మళ్ళీ చచ్చాడు. మళ్ళీ ‘వన్స్ మోర్’ అన్నారు. మళ్ళీ లేచాడు. ఈలోగా ఎత్తిన కత్తి దించే సందు దొరక్క మహారాజు చెయ్యి తిమ్మిరెక్కింది, అట్టకత్తి మధ్యకు వంగి వేలాడింది, తెర లాగేవాడికి నిద్రొచ్చి తెర దించేశాడు. కళింగకేతుడి విజయపద్యం గొంతులోనే ఉండిపోయింది.

నాటి నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒకే రైలుకు డ్యూటీ పడ్డప్పుడు మాత్రం వాకీటాకీలో రైల్వేవారు నిర్దేశించిన మాటలు ఆడేవాళ్ళు, నిర్దేశించని మాట ఒక్కటీ ఆడేవాళ్ళు కారు. ఏళ్ళు గడిచాయి. ఇద్దరూ రిటైరయ్యారు. పైడిరాజు కొన్ని స్టేషన్ల అవతల కర్గీ రోడ్ అనే పట్టణంలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. అయితే మగవాళ్ళ వైరం ఆడవాళ్ళ ఫోన్లకు అడ్డు రాలేదు. అప్పలస్వామి భార్య కనకమూ, పైడిరాజు భార్య అచ్చియమ్మా వారం వారం మాట్లాడుకుంటూనే ఉన్నారు. అందుకే రెండో ముసలాయన ఎక్కడ దొరుకుతాడని సౌమ్య వాపోతే, కనకం చప్పున అంది:

“ఎతకడం ఎందుకే గుంటా? పైడిరాజున్నాడు. మీ తాతకి మటుకు సెప్పకు.”

మధ్యాహ్నం మూడు దాటింది. కిటికీలోంచి వచ్చే వెలుగు పోకముందే చిత్రీకరణ ముగియాలని సేనాని ఆజ్ఞ. కనకం పప్పుల డబ్బా మీద ఫోను నిలబెట్టి, వెనక ఇస్త్రీపెట్టె ఆనించింది. అప్పుడు అంతఃపురద్వారం తెరుచుకుంది. అనగా పడకగది తలుపు. కిరీటధారియై, కాటుకతో ద్విగుణీకృతమైన మీసంతో, లుంగీ మీద పట్టు ఉత్తరీయంతో అప్పలస్వామి ప్రత్యక్షమయ్యాడు.

“ఏటండీ ఆ యేసం?” అంది కనకం.

“హీరో అన్నాది కదేటి మనవరాలు?”

“ఇంట్లో కూకున్న ముసలాయన యేసం తాతా,” అంది ఫోనులోంచి సౌమ్య. “అరే యార్, ఊరికే బనీను చాలు. డైలాగ్ పంపించాను కదా, చూశావా?”

సౌమ్యకు తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. ఆ సంభాషణను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపింది. అప్పలస్వామి దాన్ని స్టేషన్ బోర్డు చదివినంత శ్రద్ధగా చదివి ఉన్నాడు.

“సూసినాను. టిన్నవా, అని ఉంది. టిన్నవా అంటే ఏటి, డబ్బాయా?”

“తిన్నావా, తాతా! తిన్నావా!”

“ఇంతేనా? ఇంకేటీ నేదా?” వీరుడి ముఖం వాడింది. “ఇది రైలు దిగినోడిని ఎవడైనా అడిగే మాట. దీనికి కళింగకేతుడు కావాలా?”

కిరీటం తీయించారు. కాటుక మీసం తుడిస్తే సగమే పోయింది. అంతలో తెర రెండుగా చీలి, అవతలి సగంలో ఒక ముఖం ఉదయించింది. కర్గీ రోడ్ నుంచి పైడిరాజు.

ఆహా! ఆ దృశ్యాన్ని వర్ణించడానికి నాకు వేయి నాలుకలు లేవు, ఉన్న ఒక్కటీ ఎండిపోయింది. అప్పలస్వామి కళ్ళు చింతనిప్పులయ్యాయి. అవతల, చేరగిలబడి ఉన్న పైడిరాజు నిటారుగా లేచి కూర్చుని చొక్కా గుండీ పెట్టుకున్నాడు. ఎదుటివాడు ఎవరని అతను ముందుగా అడగలేదు. ఇంట్లోకి ఒక మనిషి గొంతు వస్తుందంటే చాలని ఒప్పేసుకున్నాడు. ఇప్పుడు ఆ గొంతు ఎవరిదో చూశాక అతని గడ్డం కూడా పైకి లేచింది.

“ఈ మనిసితోనా!” అని గర్జించి అప్పలస్వామి వసారాలోకి నడిచాడు. వెనకనే కనకం.

“సావనోడితో నాను నటించను,” అన్నాడు.

“అచ్చియమ్మ పురిటికని పలాసలో కూతురింటికెల్లి అక్కడే సిక్కడిపోనాది. రైళ్ళు నేవు. ఆ మనిసి ఇంట్లో ఒక్కడూ ఉన్నాడు. పలకరించీవోడు నేడు.”

“అయితే నాకేటి? నాను ఆపీసినానా రైళ్ళు?”

“మీకోసం కాదు. ఆ గుంట రేపటికి సినిమా పంపాల. మీ మొకం నేకపోతే నాలుగో కత నేదు.”

మనవరాలి పేరు ఎత్తేసరికి వీరుడి కోపం ఒక మెట్టు దిగింది. ఫోను ముందుకు తిరిగొచ్చినా షరతు పెట్టాడు. ‘తిన్నావా’ అన్నాక తన విజయపద్యం పాడతానన్నాడు. సౌమ్య గత్యంతరం లేక, “అచ్ఛా తాతా, ముందు డైలాగ్ చెప్పు, తర్వాత చూద్దాం,” అంది. ‘తర్వాత చూద్దాం’ అన్న మాట సినిమావాళ్ళ అమ్ములపొదిలో మొదటి అస్త్రమని అతనికి తెలియదు.

యుద్ధం మొదలైంది.

మొదటి విడతలో అప్పలస్వామి ఊపిరి బిగించి, కనుబొమలు ముడిచి, దిక్కులు పిక్కటిల్లేలా ఇలా పలికాడు: “ఓరీ కర్గీరోడ్డు నివాసీ! జనశూన్యవీధీమధ్యస్థితగృహాంతరాళమున నిరాహారివై యున్నాడవో, లేక మృష్టాన్నములారగించి తేన్చుచున్నాడవో, సత్వరమే ఎఱిగింపుము!”

పైడిరాజు తగ్గుతాడా? రాగం ఎత్తుకుని, “భుజించితినిరా మూఢాత్మా! ఆకంఠపర్యంతము భుజించితిని! నా భోజనవార్త నీకేలరా!” అని రెండు చేతులూ చాచాడు. ఆ చాపులో ఫోను కింద పడింది. తర్వాత కొంతసేపు కర్గీ రోడ్ అంతా సీలింగ్ ఫ్యానే.

“స్క్రిప్ట్‌లో ఒక్క మాటే ఉంది!” అని సౌమ్య తల పట్టుకుంది.

రెండో విడతలో అప్పలస్వామి ఇంకా ఘనంగా పలికాడు. చివర చెయ్యి కూడా తిప్పాడు. అవతల పైడిరాజు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, మళ్ళీ దగ్గర పెట్టుకుని చూశాడు.

“మాట వినబడ్నేదు గానీ పొగరు మటుకు బాగా కనబడతంది,” అన్నాడు.

మైకు మూసి ఉంది. దాన్ని తెరిచే మీట ఎక్కడుందో వెతికే ప్రయత్నంలో అప్పలస్వామి కాల్ కట్ చేశాడు, టార్చ్ వెలిగించాడు, పాత డిపార్టుమెంటు అధికారి ఎవరికో పూలగుచ్ఛం బొమ్మ పంపాడు. మూడో విడతలో వంటింట్లో కుక్కర్ శంఖం పూరించింది. నాలుగో విడతలో తిన్నావా అనబోయి ‘తి’ దగ్గర తుమ్మాడు. ఆ కాలంలో తుమ్మంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? కనకం ఒక గజం వెనక్కి దూకింది. పక్కింటి కిటికీ మూసుకుంది.

అయిదో విడతలో ఇంటి వెనక పట్టాల మీద బొగ్గు రైలు వచ్చింది. మనుషుల రైళ్ళు ఆగాయి గానీ బొగ్గుకు లాక్‌డౌన్ లేదు. హారన్ మోగింది. దాని వెంబడే చక్రాల కీచుమోత. అందరూ ఆగారు. ఇద్దరు ముసలివాళ్ళూ ఒక్కసారే చెవులు నిక్కించారు.

“బ్రేకు లేటుగా ఏసినాడు,” అన్నాడు అప్పలస్వామి, ఎవరితోనూ కాకుండా.

“లోడు రేకు, అన్నీ నిండు పెట్టెలే,” అన్నాడు అవతలినుంచి పైడిరాజు. “ఎనకాల గార్డు ఎగిరి పడుంటాడు పాపం.”

“పడడా మరి?”

అన్నాక ఇద్దరికీ తాము శత్రువులమన్న సంగతి గుర్తొచ్చింది. ఒకడు కుడివైపు చూశాడు, ఒకడు ఎడమవైపు చూశాడు.

కిటికీలో వెలుగు పసుపెక్కుతోంది. సౌమ్య గొంతులో ఏడుపు జీర మొదలైంది. “తాతా, ఇంకొక్కసారి. బస్, ఏక్ బార్. మామూలుగా అడుగు. అమ్మమ్మని అడిగినట్టు అడుగు.”

“మీ అమ్మమ్మని నానెప్పుడడిగినాను? ఆవిడే నన్నడుగుతాది.”

“అది నిజమే,” అంది ఛాయాగ్రాహకురాలు.

ఆరో విడత. అప్పలస్వామి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడు, సకలసంగ్రామాలనూ తలకిందులు చేయగల ఆ మాయాశక్తి, ఆకాశవాసిని, అదృశ్యచారిణి, నెట్‌వర్క్ అనునది అంతర్ధానమైంది. తెర మీద పైడిరాజు ముఖం ఉన్నదున్నట్టు బిగుసుకుపోయింది. కళ్ళు సగం మూసి, పెదవులు కొంచెం విడి. పక్కన గుండ్రంగా ఒక చక్రం తిరుగుతోంది.

“కదలకండి, వచ్చేస్తుంది,” అని సౌమ్య మాట ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగిపోయింది.

చేసేదేమీ లేక అప్పలస్వామి ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు. ముఖం కదులుతున్నంతసేపూ అందులో చండసేనుడే కనబడ్డాడు. ఆగిపోయాక కర్గీ రోడ్‌లోని ఒక ముసలాయన కనబడ్డాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గుండీ పెట్టుకున్న చొక్కా మెడ చుట్టూ ఇంకో మెడ పట్టేంత ఖాళీ ఉంది. గడ్డం తెల్లగా, అక్కడక్కడ గాటు పడి ఉంది. వెనక గోడవారగా ఖాళీ బిస్కెట్ పొట్లాలు ఒకదానిలో ఒకటి దోపి పెట్టి ఉన్నాయి. పొయ్యి దగ్గర గిన్నెలన్నీ బోర్లించే ఉన్నాయి. వాటి మీద దుమ్ము కూడా కనబడింది. ఆ ఫోనుకు అంత మంచి కెమెరా ఉందని ఎవరికీ తెలియదు.

అప్పలస్వామి ఇంకొంచెం ముందుకు వంగాడు.

“ఏటే, ఈడేటి ఇలాగయిపోనాడు?” అన్నాడు మెల్లగా.

కనకం కూడా వచ్చి తెరలోకి వంగి చూసింది.

చక్రం ఆగింది. పైడిరాజు కనురెప్పలు ఆడాయి. నెట్‌వర్క్ తిరిగొచ్చిందని సౌమ్య చెప్పేలోపే, ‘యాక్షన్’ అనేలోపే, అప్పలస్వామి అనేశాడు. రాగం లేదు, సమాసం లేదు, చెయ్యి తిప్పలేదు.

“తిన్నావా బావా?”

స్క్రిప్ట్‌లో ‘బావా’ లేదు. అయినా సౌమ్య ‘కట్’ అనలేదు. అవతల పైడిరాజు తన మాట చెప్పడానికి సిద్ధమయ్యాడు. “తిన్...” అన్నాడు. ఆగాడు. గడ్డం కిందికి దిగింది.

“నేదు,” అన్నాడు.

“తాతా, తిన్నాను అనాలి,” అంది సౌమ్య, అలవాటుకొద్దీ.

“నువ్వుండవే!” అన్నారు కనకమూ అప్పలస్వామీ ఒక్క గొంతుతో.

“ఏటి నేదు? ఎందుకు నేదు?” వీరుడి కంఠం మళ్ళీ లేచింది. ఈసారి దాని వరస వేరు.

“నాకు వొండడం రాదు బావా. వోటేళ్ళు మూసీసినారు. బిస్కెట్లు తింటన్నాను. అచ్చియమ్మ రోజూ ఫోను సేసి తిన్నావా అంటాది. తిన్నానంటాను. నిజం సెప్తే అక్కడ పురిటిమంచం కాడ కూకుని ఏడుస్తాది. ఆ మాట సెప్పీ సెప్పీ ఇసుగొచ్చీసింది. ఇప్పుడు సినిమాకి కూడా అదే సెప్పమంటే... నోరు రానేదు.”

“బియ్యం ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“గ్యాసు?”

“ఉంది.”

“లెగు,” అన్నాడు అప్పలస్వామి.

వినండి, వినండి! ఇంతవరకూ జరిగింది యుద్ధమే కాదు. రెండు పట్టణాల నడుమ, తరంగాల మీదుగా, ఒక డ్రైవరు ఒక గార్డు చేత అన్నం వండించడమే అసలు యుద్ధం. అప్పలస్వామికి మాత్రం వంట వచ్చా? రాదు. కనకం చెవిలో చెబుతుంది, అతను ఫోనులో గర్జిస్తాడు. బియ్యం కడగమన్నారు. పైడిరాజు కడిగిన నీళ్ళతోపాటు బియ్యంలో సగాన్ని తూములోకి సాగనంపాడు. వేలు ముంచి నీళ్ళు కొలవమన్నారు. ఏ వేలని అడిగాడు. పొయ్యి వెలిగించమన్నారు. భుగ్గుమని లేచిన అగ్నిశిఖాకలాపాన్ని చూసి వెనక్కి గెంతాడు. తెర మీది బొమ్మ కూడా గెంతింది.

“సిమ్ముల పెట్టు, సిమ్ముల!” అని కనకం తానే ఫోను లాక్కుంది.

“సిగ్నల్ ఎప్పుడిస్తారు దించడానికి?” అన్నాడు పైడిరాజు, ఎసరు వైపు భయంగా చూస్తూ.

“నానిస్తాను కదా. నువ్వు గిన్నె మీంచి సూపు తీయకు,” అన్నాడు అప్పలస్వామి.

గిన్నె ఉడికింది. ఫేనోద్రేకతరంగిణియై గంజి పొంగి, మూత నెత్తిన ఎత్తుకుని, నలుదిక్కులా ప్రవహించి పొయ్యిని ఆర్పేసింది. పైడిరాజు రెండోసారి వెలిగించాడు. ఈసారి గెంతలేదు. చివరికి సిగ్నల్ ఇచ్చారు. దించాడు. మూత తీశాడు. అది అన్నమని ధైర్యంగా చెప్పలేం, గంజి అనీ చెప్పలేం. పైభాగం పాయసంలా, అడుగుభాగం పెంకులా ఉంది. మధ్యలో ఎక్కడో కొంత నిజమైన అన్నం ఉంది. ఒక ఉల్లిపాయ తరుక్కుని, ఉప్పు వేసుకుని, కంచంతో ఫోను ముందు కూర్చున్నాడు.

వెలుగు పూర్తిగా పోవడానికి సిద్ధంగా ఉంది. “అమ్మమ్మా, కట్ చెప్పనా?” అంది సౌమ్య గుసగుసగా.

“తినీ మనిసి ముందు కట్టు గిట్టు అనీకు,” అంది కనకం.

సౌమ్య అనలేదు. ఆ సాయంత్రమంతా ఫోనులో ఎక్కినదాన్ని ఆమె మర్నాడు చాలామటుకు ఉంచేసింది. నాలుగో కథ పెరిగిపోయింది. చిత్రోత్సవంవాళ్ళు పెట్టిన నిడివిలో ఇమడడానికి బ్యాంకు అధికారిణి వంకాయల కథను సౌమ్య సగానికి కోసేసింది. ఊర్మిళ ఇప్పటికీ ఆమెతో మాట్లాడడం లేదు. సినిమా చూసిన కొందరు నాలుగో కథలో నటన సహజంగా లేదన్నారు. ముఖ్యంగా ఆ ముసలాయన తినడం అతిగా ఉందన్నారు.

అతిగా ఉందా? మీరే చూడండి. పైడిరాజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. బిలాస్‌పూర్‌లో ఇద్దరూ, కోనిలో ఒకరూ ఊపిరి బిగబట్టారు.

“ఎలాగుంది బావా?” అన్నాడు అప్పలస్వామి.

“ఉప్పెక్కువైపోనాది.”

“తిను.”

“తింటన్నాను కదేటి.”

“ఇంకో ముద్ద తిను. సూస్తన్నాను.”

తిన్నాడు. మూడో ముద్ద తిన్నాడు. ఉల్లిపాయ ఘాటుకో మరి దేనికో కళ్ళు తుడుచుకుని నాలుగోదీ తిన్నాడు. మాట్లాడడం మానేసి తినడమే పెట్టుకున్నాడు.

దుందుభులు మోగలేదు. పూలవాన కురవలేదు. ఆకాశం నుంచి ఒక్క దేవత తొంగిచూడలేదు, బహుశా వాళ్ళకూ లాక్‌డౌన్ కాబోలు. అయినా నేను చాటుతున్నాను. అష్టదిక్పాలకులు విందురు గాక, రైల్వే బోర్డువారు విందురు గాక, పలాసలో పురిటిగది గుమ్మంలో ఉన్న అచ్చియమ్మా వినుగాక! శార్వరి నామ సంవత్సర గ్రీష్మర్తువున, సూర్యుడు పడమటికి ఒరిగిన వేళ, కర్గీ రోడ్ పట్టణమందు, విశ్రాంత గార్డు పైడిరాజు, తన చేత్తో తాను వండినదీ, పైన పలచనై అడుగున మాడినదీ, లవణాధిక్యదోషదూషితమూ అయిన అన్నాన్ని కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు!

జయము! జయము!

గిన్నె మాత్రం తోమనన్నాడు. నానబెట్టమన్నారు. ఒప్పుకున్నాడు.